మెక్సికో దేశపు హరోచో గాననృత్యములు – వాని రక్షణము

వ్యాకరణాధ్యయనమునకు ప్రయోజనము లేవి యను ప్రశ్నకు పతంజలి మహర్షి మహాభాష్యారంభమున నైదు ప్రయోజనములు చెప్పియున్నాఁడు. రక్ష, ఊహ, ఆగమము, లఘువు, అసందేహము అనునవి యవి. వీనిలో మొదటి రెంటికిని గల సంబంధమును నేను చిరకాలము సరిగా గ్రహింపలేదు. రక్ష యనఁగా ఉన్నదానిని ఉన్నట్లు కాపాడుట. ఊహ యనఁగా కర్మసందర్భము మాఱినపుడు మంత్రమునందలి లింగవిభక్తులను దానికి తగినట్లు మార్చి చెప్పుట. ఒకటి మార్పు వలదనును. మఱియొకటి మార్పు నేర్పును. ఈ రెండును ఒకే శాస్త్రమునకు ఫలములెట్లగునని విద్యార్థులడిగినపుడెల్ల వ్యాఖ్యానములలోనున్న సమాధానమే చెప్పుచు వచ్చితిని. ఆ సమాధానము నా మనస్సునకు నిజముగా పట్టినది శాస్త్రగ్రంథము వలన కాదు. భూగోళమునకు ఆవలి ప్రక్కనున్న మెక్సికో దేశపు కర్షకుల పాటల వలన.

నేనా దేశమును చూచినవాఁడను గాను. మిత్రులొకరు వినిపించిన ధ్వనిముద్రికలు, ఆ పాటలనుగూర్చి దొరకిన గ్రంథములు, చలనచిత్రఖండములు – ఇవియే నాకాధారములు. మన పరిషత్తులోని వారమందఱము తాళపత్రములను సేకరించి, ప్రతులు సరిచూచి, అచ్చువేయించినచో ఒక వాఙ్మయము రక్షింపఁబడినదని తృప్తిపడువారము. పాటల విషయమున నీ తృప్తి యెంతవఱకు న్యాయమైనదో విచారించుటకు ఈ చరిత్ర యుపకరించునని తలంచి వ్రాయుచున్నాను.

మెక్సికో గానమనఁగానే లోకమునకు స్ఫురించునది మరియాచి మేళము. వెడల్పైన టోపీలు, వెండిగుండీల దుస్తులు, వయొలీనులు, బాకాలు. అది పశ్చిమమున హలీస్కో మొదలగు రాష్ట్రములది. 2011 లో యునెస్కోవారు దానిని మానవజాతి సాంస్కృతికసంపదల పట్టికలో చేర్చిరి. దాని పేరునుగూర్చి యొక మాట చెప్పక ముందునకు పోలేకున్నాను. ఫ్రెంచి భాషలో వివాహవాచకమగు 'మరియాజ్' శబ్దమునుండి యా పేరు వచ్చినదనియు, 1862 మొదలు 1867 వఱకు ఫ్రెంచి సేనలు మెక్సికోలో నుండఁగా పెండ్లి మేళమునకు వారు పెట్టిన పేరనియు చిరకాలము చెప్పుకొనిరి. కాని 1852 లోనే రోసమొరాదా అను నూరి క్రైస్తవాచార్యుఁడొకఁడు తన పై యధికారికి వ్రాసిన లేఖలో, మరియాచీలని పిలువఁబడు వేడుకల రొదనుగూర్చి మొఱపెట్టుకొనియున్నాఁడు. ఫ్రెంచి సేనలు రాకమునుపు పదియేండ్లనాఁడే యున్న మాటకు ఆ సేనలు కర్తలెట్లగును? ధ్వనిసామ్యమును మాత్రము చూచి వ్యుత్పత్తులు కల్పించు అలవాటు మనలోను లేకపోలేదు గనుక దీనిని ప్రస్తావించితిని.

ప్రస్తుతవిషయము మరియాచి కాదు. తూర్పుతీరమున, వెరాక్రూస్ రాష్ట్రపు దక్షిణభాగమును, దాని నంటియున్న తబాస్కో, ఒఆహాకా రాష్ట్రములలోని కొంత నేలయు కలిసి సోతవెంతో అనఁబడును. పాపలోఆపాన్ నది పాఱు పల్లపునేల; చెఱకుతోఁటలు, పశువుల మందలు గల సీమ. స్పెయిను పరిపాలనకాలమున ఐరోపానుండి వచ్చు ఓడలకు వెరాక్రూస్ ప్రధానమైన రేవు. ఆ యోడలలో అండలూసియా పాటలు వచ్చెను. బానిసలుగా పట్టఁబడిన ఆఫ్రికావారును తేఁబడిరి. స్థానికజాతులవారు అంతకుముందునుండియు నక్కడ నుండిరి. వీరి సాంకర్యము వలన పుట్టినవారిని హరోచోలనిరి. తిరస్కారమున పుట్టిన యా పేరును నేఁడు వెరాక్రూస్ వారు గర్వముతో చెప్పుకొందురు. వారి గానమునకు సోన్ హరోచో అని పేరు.

'సోన్' అను మాట లాటిను 'సోనుస్' శబ్దమునుండి వచ్చినది. మన ధాతుపాఠమున శబ్దార్థమునందు చెప్పఁబడిన స్వన ధాతువును అదియు నొకే మూలమునుండి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. దీనిని చూచి వైయాకరణుఁడు సంతోషింపవచ్చును. అయినను మాటల చుట్టఱికము పాటల చుట్టఱికము కాదని వెంటనే చెప్పుకొనవలెను. ఇంతకంటె ప్రయోజనకరమైన వ్యుత్పత్తి మఱియొకటి కలదు. ఆ సీమలో రాత్రివేళ జరుగు పాటల వేడుకను ఫందాంగో అనియు, హువాపాంగో అనియు పిలుతురు. రెండవ పేరు స్థానికమగు నహువాత్ల్ భాషనుండి వచ్చినదని పలువురి మతము. అందు మొదటి యవయవమునకు కొయ్య యనియు, రెండవదానికి పైన యనియు అర్థము. చివరిది స్థలమును తెలుపు ప్రత్యయము, మన సప్తమి వంటిది. 'కొయ్యమీఁద' అని తాత్పర్యము. గాయకుఁడు గాక, పాట గాక, అధికరణమే వేడుక కంతటికిని పేరైనది.

ఆ కొయ్య తరీమా యను పలక. నేలకు కొంచె మెత్తుగా, క్రింద బోలుగా నుండునట్లు బల్లలు కూర్చి చేసినది. మడమలు గల పాదరక్షలు తొడిగి స్త్రీపురుషులు దానిమీఁద తాటించుచు నాడుదురు. కావున తరీమా రంగము మాత్రమే కాదు, వాద్యము కూడ. ఆడువారి పాదములు మృదంగకారుని చేతులు చేయు పనిని చేయును. పలక చుట్టును వాద్యకులు నిలుతురు. ఎక్కువమంది చేతులలోనుండునది హరానా యను చిన్న తంత్రీవాద్యము. బొబ్బిలివారి ఏకాండి వీణవలె దీనిని మెడతోఁగూడ నొక్క మొద్దునుండియే తొలిచి చేయుదురు. సాధారణముగా నెనిమిది తీఁగెలు ఐదు వరుసలుగా నుండును. వ్రేళ్లతో మీఁదికిని క్రిందికిని గీరుచు లయను పట్టుదురు. స్వరసంచారమును నడపునది నాలుగు తీఁగెల గితార్రా దె సోన్. దానికే రెకింతో అనియు పేరు. పొడవైన కొమ్ముపుల్లతో దానిని మీటుదురు. మంద్రస్థాయికి లియోనా యను పెద్దది కలదు. కొన్ని యూళ్లలో హార్పు వాయింతురు. త్లాకొతాల్పన్ పట్టణమున ఎనిమిది మూలలు గల కంజిరవంటి పాందెరో వినఁబడును. గాడిద దవడయెముకను దంతములు వదులై గలగలలాడునట్లు ఎండఁబెట్టి వాయించుట యు కలదు. మొదట చదివినపుడు దీనిని నేను నమ్మలేదు. తరువాత విని నమ్మితిని.

వేడుక సికిసిరీ యను సోనుతో ఆరంభమగును. ఇది వచ్చినవారికి స్వాగతము చెప్పునట్టిది. మన నాటకములలోని నాందివలె ముందుండును. కొన్ని సోనులలో స్త్రీలు మాత్రమే పలక నెక్కుదురు; కొన్నింట స్త్రీపురుషులు జంటగా నాడుదురు. ఆడుచున్నవారి చోటు కావలసినవారు పలకనెక్కి వారిని తప్పించి తామాడుదురు. ఇందులో నాకు మిక్కిలి నచ్చిన మర్యాద యొకటి కలదు. గాయకుఁడు పద్యమెత్తుకొనఁగానే ఆడువారి పాదములు మెత్తపడును, పద్యము వినఁబడుటకై. పద్యము ముగియఁగానే పాదములు మరల గట్టిగా మ్రోఁగును. సాహిత్యమునకును నృత్యమునకును నడుమ నింత చక్కని యొడంబడిక, ఎవరును వ్రాయని యొడంబడిక, లక్షణగ్రంథములు పెక్కు గల దేశములలో సైత మరుదు. ఒక సోను ఇంతసేపుండవలెనను నియమము లేదు; పద్యము చెప్పువారు, ఆడువారు ఉన్నంతసేపు సాగును. వేడుక తెల్లవాఱు వఱకు నడచును. ప్రేక్షకులని వేఱుగా నొక వర్గము లేదు. ఇప్పుడు చూచుచున్నవాఁడు ఇంకొక గడియకు హరానా పట్టుకొనును.

పద్యములలో నాలుగు పాదములవి, ఆఱు పాదములవి కలవు. పండితులు విశేషముగా గమనింపఁదగినది దేసిమా. దీనికి పది పాదములు. పాదమునకు ఎనిమిదేసి యక్షరములు, మన అనుష్టుప్పు పాదమువలె. గురులఘునియమము మాత్రము లేదు. పాదాంతాక్షరమును ఊఁది పలుకవలసి వచ్చినచో లెక్కలో నొక యక్షర మధికముగా గ్రహింతురు. మనవలె ద్వితీయాక్షరమున కాక పాదాంతమున ప్రాసముండును. 1, 4, 5 పాదములకొక ప్రాసము. 2, 3 పాదములకొకటి. 6, 7, 10 పాదములకొకటి. 8, 9 పాదములకొకటి. ఈ యమరికకు పదునాఱవ శతాబ్దమునందలి విసెంతె ఎస్పినెల్ అను స్పెయిను కవి పేరు పెట్టియున్నారు. ఆయన పద్యసంపుటము 1591 లో వెలువడినది. స్పెయినులో పుస్తకములనాశ్రయించిన యీ ఛందస్సు సముద్రము దాఁటి, అక్షరము రాని కాఁపుల నోట నాశువుగా వచ్చుచున్నది. కంఠస్థమైన పద్యములు కలవు. అప్పటికప్పుడు కట్టినవియు కలవు. వచ్చిన యతిథినిగూర్చి, ఆడుచున్న పడుచునుగూర్చి, ప్రక్కవాఁడు చెప్పిన పద్యమునకు ప్రత్యుత్తరముగా, పద్యము పుట్టుచుండును. ఇదియే నేను పైన చెప్పిన ఊహ. సోను పేరు నిలిచియుండును, లయ నిలిచియుండును, ఛందస్సు నిలిచియుండును. పలుకు సందర్భమును బట్టి మాఱును.

ఈ గానమునుగూర్చిన ప్రాచీనాధారములలో ముఖ్యమైనది దానిని ద్వేషించినవారి దయవలన దొరకినది. 1766 లో వెరాక్రూస్ రేవున చుచుంబే అను పాటయాట వ్యాపించినదని మతవిచారణసభవారికి ఫిర్యాదు పోయెను. హవానానుండి ఓడలో వచ్చిన సంకరజాతి జనులు దానిని తెచ్చిరఁట. సన్యాసులను పరిహసించు పద్యములు, సభ్యముగాని యభినయము అందుండుటచే సభవారు నిషేధించిరి. నిషేధించుటకు సాక్ష్యము కావలెను గదా. కావున పద్యములను పూర్తిగా వ్రాయించి పత్రములలో చేర్చిరి. ఆ పత్రములు నేఁటికిని మెక్సికో జాతీయ పత్రభాండారమున నున్నవి. లోకాయతుల గ్రంథములు నశించినను వారిని ఖండించినవారి గ్రంథములలో వారి వాదములు మనకు దక్కినట్లే యిదియు జరిగినది. పూర్వపక్షమును శ్రద్ధగా వ్రాసిన సిద్ధాంతి దానికి చేసిన యుపకార మంతయింతయుఁ గాదు. కాని పద్యములు దక్కినవే గాని వరుస దక్కలేదు. ఆ సభలో పద్యము వ్రాసికొన్న లేఖకునకు స్వరము వ్రాయవలసిన పని లేకపోయెను. ఇరువదవ శతాబ్దపు చివరిభాగమున హిల్బెర్తో గుతియెర్రెస్ అను గాయకుఁడు ఆ పేరితో మరల నొక సోను కట్టెను. అది ప్రాచీనమైన చుచుంబే కాదు, క్రొత్తది. దానిని ప్రాచీనమని చెప్పుట పొరపాటు. పాడకూడదనుటయు పొరపాటే.

ఇఁక నిరువదవ శతాబ్దమున జరిగిన కథ. విప్లవానంతరమున మెక్సికో ప్రభుత్వమువారు జానపదకళలను జాతీయచిహ్నములుగా గ్రహించిరి. అంతకుముందే, 1919 లో, రష్యా దేశపు నర్తకి అన్నా పావ్లోవా మెక్సికో నగరమున హరాబె తపతీయో యను జానపదనృత్యమును తన దేశపు పద్ధతిని కాలివ్రేళ్ల కొసలమీఁద నాడి జనులను మెప్పించెను. 1921 లో విద్యాశాఖను చేపట్టిన హోసే వాస్కొన్సెలోస్ కాలమునుండి పాఠశాలలలో ఈ నృత్యములు నేర్పఁబడసాగెను. 1930 లో ఎక్స్ ఇ డబ్ల్యు అను పేరుగల ఆకాశవాణి కేంద్రము వెలసెను, చలనచిత్రములు వచ్చెను. వెరాక్రూస్ వాద్యకులు పొట్టకూటికై రాజధానికి పోయిరి. వారిలో ఆంద్రెస్ ఉవెస్కా, లీనో చావెస్ అనువారు ప్రసిద్ధులు. ఉవెస్కా హార్పును నిలుచుండి వాయించుటకు వీలుగా పెద్దదిగా చేయించెను. కూర్చున్న వాద్యకుఁడు సినిమాలో కనఁబడఁడు గదా. 1946 లో మిగెల్ ఆలెమాన్ అధ్యక్షపదవికై పోటీచేసినపుడు ఆయన స్వరాష్ట్రపు పాటయగు 'లా బాంబా' ఎన్నికలలో మ్రోఁగినది. 1958 లో కాలిఫోర్నియాలో రిచీ వాలెన్స్ అను యువకుఁడు దానినే విద్యుద్వాద్యములతో పాడఁగా లోకమంతయు విన్నది. మన దేశమున ఆ పాట విననివారు తక్కువ. అది యెచ్చటిదో తెలిసినవారును తక్కువయే.

1952 లో అమాలియా ఎర్నాందెస్ (1917–2000) మెక్సికో జానపదనృత్యసంఘమును స్థాపించెను. 1959 నుండి రాజధానిలోని లలితకళాసౌధమున ఆ సంఘము నియతముగా ప్రదర్శనములిచ్చుచు, దేశదేశములు తిరిగినది. ఆమె కృషి సామాన్యమైనది కాదు. కాని వేదికకు దాని ధర్మము దానికున్నది. ప్రేక్షకుఁడు దూరముగా, చీఁకటిలో కూర్చుండును. అతనికి కనఁబడవలెనన్నచో వస్త్రములు తెల్లగా మెఱయవలెను, ఆడువారి యడుగులు ఒక్క పెట్టున పడవలెను, వేగము హెచ్చవలెను, ఆట నియతకాలమున ముగియవలెను. లా బాంబా ఆడుచు జంట పాదములతోనే పొడవైన పట్టీని ముడివేయుట ప్రసిద్ధమైనది. చూచుటకు ముచ్చటయైనదే. ధ్వనిముద్రికయు నట్టిదే: ఆ కాలపు ముద్రికలో నొక ప్రక్క సుమారు మూఁడు నిమిషములు మాత్రమే పట్టును గనుక, తెల్లవాఱు వఱకు సాగఁదగిన సోనునకు మూఁడు పద్యములు నిర్ణయింపఁబడెను. ఎల్లరును ఆ మూఁడు పద్యములనే వల్లించిరి. ఎవరో పాడిన యొక రాత్రి రూపము శాశ్వతపాఠమైనది. రక్ష మిగిలినది, ఊహ పోయినది.

ఇంతలో పల్లెలలో ఫందాంగోలు సన్నగిల్లసాగెను. యువకులు నూనెశుద్ధి కర్మాగారములు గల పట్టణములకు పోయిరి. వేడుకలకు ధ్వనివర్ధకయంత్రములు వచ్చెను. హరానా పట్టుట మోటుతనముగా తోఁచెను. రాజధానిలో సోన్ హరోచో వెలుఁగుచున్న కాలముననే పుట్టినచోట నది ముసలివారి వ్యాపకముగా మిగిలెను. ఈ వైపరీత్యమును నేను మఱిమఱి చదివి నిర్ధారించుకొంటిని. ఏలయన, వేదికమీఁద నొక కళ ప్రకాశించుచుండఁగా దానికి హాని కలుగుచున్నదని యెవరు శంకింతురు?

1969 లో మెక్సికో జాతీయ పురాతత్త్వ చరిత్ర సంస్థవారు వెరాక్రూస్ సోనుల ముద్రిక నొకదానిని వెలువరించిరి. ఆర్తూరో వార్మాన్ అను మానవశాస్త్రజ్ఞుఁడు పల్లెలలో సేకరించిన పాటలవి. అందు 1893 లో పుట్టిన ఆర్కాదియో ఇదాల్గో అను వృద్ధుని గొంతు వినఁబడును. ఈయన కూలిపని చేసి బ్రతికిన నల్లజాతి వంశ్యుఁడు, ఆశుకవి. రాజధాని మేళముల సోనులకు చెవులలవడినవారికి ఈ ముద్రిక వేఱొక దేశపు గానమువలె తోఁచినదఁట. నిదానమైన నడక, మొఱటుగా నున్నను బరువైన గొంతు, ఒక్కొక్క చేతికి నొక్కొక్క గీర. విన్నవారిలో హిల్బెర్తో గుతియెర్రెస్, ముద్రాకరుఁడగు హువాన్ పాస్కో మొదలగు యువకులుండిరి. 1977 లో వీరు మోనో బ్లాంకో, అనఁగా తెల్లకోఁతి, అను పేర నొక మేళమును కట్టిరి. ఎనుబదియేండ్లు దాఁటిన ఇదాల్గోను బ్రతిమాలి తమతో చేర్చుకొనిరి. ఆయన 1984 లో మరణించు వఱకు వారితో పాడెను. ఆయన పద్యములను గుతియెర్రెస్, పాస్కో సంకలనము చేయఁగా గ్రంథముగా వెలువడినవి. గితార్రా దె సోన్ వాయించుటలో మేటియగు ఆంద్రెస్ వేగా అను పల్లెవాసియు వారితో కలిసెను.

ఈ యుద్యమమున మనవంటి వాఁడొకఁడుండుట నాకు సంతోషకరము. ఆంతోనియో గార్సియా దె లియోన్ చరిత్రకారుఁడు, భాషాశాస్త్రజ్ఞుఁడు. వెరాక్రూస్ దక్షిణమున పహాపాన్ అను నూరి నహువాత్ల్ మాండలికమునుగూర్చి గ్రంథము వ్రాసినవాఁడు. హరానా వాయించి పాడఁగలవాఁడు. ఫందాంగో చరిత్రను 2006 లో గ్రంథముగా ప్రకటించెను. లక్షణమును వ్రాయుచు లక్ష్యమును చేతఁబట్టినవారు మన శాస్త్రములందు నరుదుగానే యున్నారు.

మోనో బ్లాంకోవారు సభలలో పాడుటతో ఆగియుండినచో మఱియొక మేళముగా నుండెడివారు. వారు పల్లెలకు పోయి తరీమాను నడుమ పెట్టించి ఫందాంగోలు చేయించిరి. బాలబాలికలకు హరానా, పాదతాటనము, పద్యము నేర్పు శిక్షణశాలలు నడపిరి. హరానాలు చేయు వడ్రంగుల విద్య పోకుండ క్రొత్తవారికి నేర్పించిరి. ఇది ముఖ్యము. పాట నెంత కీర్తించినను చేతికి వాద్యము దొరకనిచో నేర్చువాఁడుండఁడు. వీరి తరువాత 1992 లో సోన్ దె మదేరా అను మేళము వెలసెను. దాని స్థాపకుఁడు రమోన్ గుతియెర్రెస్ స్వయముగా వాద్యములు చేయువాఁడు.

త్లాకొతాల్పన్ పట్టణమున ఫిబ్రవరి 2 వ తేదీని కాందెలారియా మాత యుత్సవము జరుగును. నదీతీరమునందలి యీ పట్టణమును 1998 లో యునెస్కోవారు ప్రపంచవారసత్వ స్థలముగా ప్రకటించిరి. ఆ యుత్సవసమయమున 1979 లో హరానా వాద్యకులకు పోటీ పెట్టిరి. రేడియో ఎదుకాసియోన్ అను విద్యాప్రసారకేంద్రమువారు దానిని దేశమునకు వినిపించిరి. పోటీయనఁగా బహుమానము, బహుమానమనఁగా నిర్ణేతలు, నిర్ణేతలనఁగా ఒక ప్రమాణము. ఒక్కొక్క యూర నొక్కొక్క శ్రుతి, ఒక్కొక్క యింట నొక్కొక్క గీర గల విద్యలో ఏది ప్రథమము, ఏది ద్వితీయము? కొలది యేండ్లలోనే పోటీ తొలఁగి అది సమావేశమైనది. ఇప్పుడందఱును వంతున వచ్చి పాడి పోవుదురు, గెలుపోటములు లేవు. రాత్రి వీథులలో పలకలమీఁద ఫందాంగో సాగును. పద్యపఠనపు పోటీలు పెట్టు మన పాఠశాలలవారు ఈ మార్పును గమనింపవలెనని నా మనవి.

ఆక్షేపములు లేవా? కలవు. ఈ పునరుద్ధారకులలో పలువురు నగరములలో చదివినవారు. తమకు నచ్చిన నిదానపు నడకయే శుద్ధమనియు, తెల్లదుస్తుల మేళములవారిది కృత్రిమమనియు కొందఱు తీర్పు చెప్పిరి. ఇది న్యాయము కాదు. హార్పు మేళముల పద్ధతిలోని హోసే గుతియెర్రెస్ పల్లెలోని వాద్యకకుటుంబమున పుట్టినవాఁడే. అమెరికా సంయుక్తరాష్ట్రములకు పోయి ఆ విద్యను నిలిపినందులకు 1989 లో ఆ దేశపు జాతీయ వారసత్వపురస్కారమును పొందెను. పొట్టకూటికై రాజధానికి పోయినవానిది కపటమనియు, తీరికగా పల్లెకు వచ్చినవానిది సత్యమనియు నిర్ణయించుట కెవరి కధికారమున్నది? రెండవ యాక్షేప మింకను బలవత్తరము. పూర్వము పిల్లవాఁడు తండ్రి చేతిని చూచి నేర్చెను. అందుచే ఊరికొక పద్ధతి యుండెను. శిక్షణశాలలో ఇరువదిమందికి నొక్క శ్రుతి, ఒక్క గీర నేర్పుదురు. అట్లు నేర్చినవారు వేఱొకచోట నేర్పుదురు. ముద్రిక చేసిన పనినే శిక్షణశాలయు మఱియొక దారిని చేయదా? ఈ ప్రశ్నను ఆ యుద్యమములోనివారే వేసికొనిరి. దీనికి సమాధానము శిక్షణశాలలో లేదు, ఫందాంగోలో నున్నది. నేర్చిన బాలుఁడు ముసలివాని ప్రక్కన పలకయొద్ద నిలిచి, రాత్రియంతయు తన గీరను వాని గీరకు కలుపుకొనవలసివచ్చును. వచ్చిన పద్యమునకు పద్యము చెప్పవలసివచ్చును. అచ్చట వల్లించిన పాఠము చాలదు. కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికి పోవునే గాని, మాట కావలసినవాఁడు వైయాకరణుని యింటికి పోఁడని భాష్యకారుఁడు చెప్పిన యుక్తి నాకిచ్చట జ్ఞప్తికి వచ్చును. మాట లోకమునందు పుట్టును. శాస్త్రము దానిని కాచును. పోటీ నిర్ణేతలు పూర్వము కోరినదియు, శిక్షకులు నేఁడు కోరఁగూడనిదియు, ఈ వరుస తలక్రిందులగుట.

ఈ పాట మెక్సికో పొలిమేరలు దాఁటినది. లాస్ ఏంజలీస్ మొదలగు నగరములలో అక్కడ పుట్టిన మెక్సికను సంతతివారు శిక్షణశాలలు పెట్టుకొని, తరీమాలు చేయించుకొని, ఫందాంగోలు జరుపుచున్నారు. వారి పద్యములలో చెఱకుతోఁటలు, మందలు లేవు. కూలిపనులు, ఆజ్ఞాపత్రములు లేని బ్రతుకులు, విడిపోయిన కుటుంబములు కలవు. ఛందస్సు మాత్రమదియే, ఎనిమిదేసి యక్షరములు. 2008 లో, మెక్సికోలోని తిహువానా పట్టణమును కాలిఫోర్నియాలోని సాన్ దియేగో నగరమును విడఁదీయు సరిహద్దు కంచెయొద్ద, సముద్రతీరమున, ఒక ఫందాంగో జరిగినది. తరువాత నది యేఁటేఁట జరుగు వేడుకయైనది. కంచె కావల నొక పలక, ఈవల నొక పలక వేసిరి. రెండు ప్రక్కలవారును ఒకే సోనును వాయించిరి. ఇనుపకడ్డీల కావలనుండి యొకఁడు పద్యమెత్తుకొనఁగా, ఈవలి పలకమీఁద నాడుచున్నవారు అది వినఁబడుటకై పాదములు మెత్తగా వేసిరి.